అట్రాక్టా డెవానీ ఇంటి దొంగ వేణువు

అట్రాక్టా డెవానీతో మాటకు మాట అని నెగ్గినవాడు స్లైగో జిల్లా మొత్తంలో లేడు. ఫుట్‌బాల్ మ్యాచ్ ఎక్కడుంటే అక్కడ ఆమె చిప్స్ బండి ఉండేది. ఉప్పు తక్కువైందని ఎవరైనా అంటే, "నీ మాటల్లో కన్నా ఎక్కువే ఉంది, తిను" అనేది. ఆ తిట్లు తినడానికే కొందరు మళ్లీ వరసలో నిలబడేవాళ్లు. నేనూ అందులో ఒకణ్ణి. పక్కింటివాణ్ణి కాబట్టి నాకు తిట్లతో పాటు నాలుగు ముక్కలు ఎక్కువ పడేవి.

అంత నోరున్న మనిషి ఒక్క విషయంలో మాత్రం పెదవి విప్పేది కాదు. అది వాళ్ల నాన్న బార్టీ వదిలిపోయిన కొయ్య వేణువు. నల్లగా, నున్నగా ఉండేది. దాని మీద చేసినవాడి పేరు లేదు. మంచి వేణువు చేసినవాడెవడూ పేరు ముద్ర వేయకుండా వదలడు కదా, అందుకని మా ఊరు ఒక కథ అల్లింది. బార్టీ బండిచక్రాలు చేసే వడ్రంగి. దొరల బంగళా వేలానికి ముందు అక్కడ తలుపులు బాగుచేయడానికి వెళ్లాడు. ఆ ఏడాదే ఆయన చేతిలో ఈ వేణువు కనిపించింది. ఇంకేముంది, లండన్‌లో చేసినదాన్ని దొరగారి బీరువాలోంచి కొట్టేసి, పేరు గీకేశాడన్నారు. కథ మొదలుపెట్టింది మాతో కలిసి వాయించే మాలకీ వాళ్ల తాత. బంగళాలో పెత్తనం చేసినవాడు. ఆయన పోయాక మనవడు మాలకీకి పొలంతో పాటు ఈ కథా సంక్రమించింది.

"ఎక్కడిదోయ్ ఆ ఫ్లూటు?" అని బార్టీని మొహం మీదే అడిగినవాళ్లున్నారు.

"ఇంట్లో ఉండింది" అనేవాడు. అంతకు మించి ఒక్క ముక్క చెప్పకుండానే పోయాడు.

అట్రాక్టా ఆ వేణువును కిటికీలు మూసుకుని వాయించుకునేది. గురువారాలు స్కానలన్ పబ్‌లో అందరం కూడి వాయించేటప్పుడు మాత్రం రేకు పిల్లనగ్రోవి తెచ్చేది. కంచె అవతలి నుంచి ఆ నాదం వినిపించినప్పుడల్లా నాకు ఊరి మీద ఒళ్లు మండేది.

ఒక చలికాలం పొయ్యి వేడికి వేణువు బీటలు వారింది. అట్రాక్టా దాన్ని తువ్వాలులో చుట్టుకుని మా గుమ్మంలో నిలబడింది.

"ఎన్నిస్‌లో ఫెర్గల్ అని ఫ్లూట్లు బాగుచేసేవాడున్నాడట. చూసి, ఎవరు చేశారో చెప్పేస్తాడట. కారు తీస్తావా?"

"బాగుచేయించడానికా, తెలుసుకోవడానికా?"

"రెండూను. లండన్‌దని తేలితే ఆ దొరల వారసులెవరో వెతికి ఇచ్చేస్తా. నా వల్ల కాదింక" అంది.

ఫెర్గల్ నెమ్మదస్తుడు. టీ ఇస్తానన్నాడు. అట్రాక్టా వద్దంది. మా వైపు టీ వద్దన్నారంటే ఇంట్లో శవం ఉన్నట్టే. కోటు కూడా విప్పకుండా, చేతిసంచి పట్టుకుని అలాగే నిలబడింది. అతను కీళ్లు విడదీసి, లోపలి అంచున చాకుమొనతో రవ్వంత గీశాడు. తెల్లటి చెక్క బయటపడింది.

"ఇది మంచి ఫ్లూట్లకు వాడే ఆఫ్రికా నల్లకర్ర కాదండీ. హాలీ చెట్టు. మన కంచెల్లో ఉండేదే. నల్లరంగు పట్టించారు. లండన్‌లో పేరున్నవాళ్లెవరూ దీంతో చేయరు."

"అయితే ఎవరు?"

"ఒకసారి వాయించండి" అని మళ్లీ బిగించి, బీటకు మైనం రాసి ఇచ్చాడు.

ఆమె అందుకుంది. కుడి మణికట్టు పక్కకు మెలితిరిగింది.

"చెయ్యి అలా తిప్పుతారేం?"

"నా చెయ్యే వంకర. చిన్నప్పట్నుంచీ ఇంతే."

"మీ చెయ్యి బాగానే ఉంది. ఇది చూడండి" అని స్కేలు ఆనించాడు. అయిదు రంధ్రాలు ఒకే గీతలో ఉన్నాయి. చివరిది పైకి, పక్కకు జరిగి ఉంది.

"పొరపాటా?" అన్నాను నేను.

"పొరపాటైతే అంచులు ఇంత ముద్దుగా చెక్కడు. కావాలనే పెట్టాడు. చేసినవాడి కుడి ఉంగరపు వేలు పొట్టిదై ఉండాలి. తన చేతికి సరిపడా, తన కోసం చేసుకున్నాడు."

అట్రాక్టా కుర్చీలో కూలబడింది. ఆమె పుట్టకముందే బార్టీకి ఆ వేలు రంపానికి సగం పోయింది. ఆ మొండివేలు ముక్కు దగ్గర పెట్టి, వేలంతా లోపలికి దూరిపోయినట్టు నటించి మా పిల్లమూకనంతా నవ్వించేవాడు. ఆ వేలు చూడనివాడు మా ఊళ్లో లేడు. ఆ రంధ్రం చూసినవాడూ లేడు.

"నేనూ నమ్మాను" అంది అట్రాక్టా. "కన్నకూతుర్ని, నేనూ నమ్మాను." ముక్కు చీదుతూ వెక్కివెక్కి ఏడ్చింది. నాకూ ఆగలేదు. పాపం ఫెర్గల్, ఎవరినీ అడక్కుండానే టీ పెట్టాడు.

వేణువు బాగయి వచ్చిన గురువారం అట్రాక్టా దాన్ని పబ్‌లో బల్ల మీద పెట్టింది. చిప్స్ అమ్మే గొంతుతో జరిగింది జరిగినట్టు చెప్పింది. మాలకీ మొహం కందగడ్డయింది. చెడ్డవాడేం కాదు, తాత మాట నమ్మినవాడు.

"తప్పయింది, అట్రాక్టా. మా తాత తరఫున కూడా. కానీ మీ నాన్న 'నేనే చేశాను' అని ఒక్క మాటంటే పోయేది కదా?"

"అంటే ఏమనేవాళ్లు?"

మాలకీ గ్లాసు తిప్పుతూ ఆలోచించాడు. అబద్ధమాడలేకపోయాడు. "గొప్పలు పోతున్నాడనేవాళ్లం."

"దొంగ కన్నా అది ఘోరమా?"

"దొంగ అంటూనే పక్కన కూర్చోబెట్టుకుని వాయించాం కదా. గొప్పలు పోయేవాడి పక్కన ఎవడు కూర్చుంటాడు?"

కాదని ఎలా అంటాం? మేమంతా అంతే. బార్టీకి ఆ సంగతి మాకన్నా ముందే తెలుసు.

అట్రాక్టా వేణువు చేతిలోకి తీసుకుని మాలకీ పక్కకు వచ్చింది.

"ఇది మా నాన్న చేశాడు. దీన్ని మించింది లండన్‌లో కూడా లేదు. గొప్పలే పోతున్నా. జరుగు."

మాలకీ జరిగాడు.