నాలుగో కవరు

మొన్న ఆదివారం మా ఇంట్ల ఏమైందో వినుర్రి. డిబేట్ గెలిచింది నేనే. మట్టి కరిచింది కూడా నేనే!

మట్టెవాడల మా ఇంటికొక రూల్ ఉన్నది. నెల మొదటి ఆదివారం చర్చి నుంచి రాంగనే డాడీ జీతం పైసలు ముందటేసుకొని కూసుంటడు. ముందుగాల దేవునికి దశమభాగం. తర్వాత కిరాయి, కిరాణం, కరెంటు. ఆఖర్న చేతిఖర్చుల కవర్లు: డాడీకొకటి, నానమ్మకొకటి, నాకొకటి. నా కవర్ల పదిహేనొందలు. పీజీ చదివే పిల్లకు అవి ఏ మూలకు?

"ఇంకో వెయ్యి పెంచాలె" అన్న.

"ఈ నెల వెయ్యి మిగిలేటట్టే ఉన్నది. మీ అమ్మను ఒప్పించి తీస్కో" అన్నడు డాడీ.

అమ్మనా! డిబేట్లల్ల నాలుగు కాలేజీల టీమ్‌ల నోరు మూయించిన దాన్ని. లేచి నిలబడి దంచిన. ఆటో చార్జీలు, జిరాక్సులు, పెరిగిన ధరలు, నా ఆత్మగౌరవం... నానమ్మ చప్పట్లు కూడా కొట్టింది.

"వద్దంటే వద్దు" అన్నది అమ్మ, అన్నం గిన్నె మీద మూత పెట్టుకుంట.

అంతేనా? పాయింటుకు పాయింటు తిప్పికొట్టకుంటే అదేం రిబట్టల్! ఎదుటి టీమ్ అంత వీక్‌గ ఉంటే గెలిచినా మజా ఏముంటది? నా పానం ఆగలే.

"అట్ల కాదమ్మా. 'బస్‌పాస్ ఉండంగ ఆటోలెందుకు' అని అడగాలె."

"ఔ, బస్‌పాస్ ఉండంగ ఆటోలెందుకే?"

"శభాష్! ఇప్పుడు, 'జిరాక్సులకు వందైతది, మిగిలినయి దోస్తులతోని బిర్యానీకే కదా' అను."

"బిర్యానీయా! చదువుకంటివి గదనే!"

నానమ్మ మెల్లగ అమ్మ దిక్కు జరిగి కూసున్నది. నాకింకా ఊపొచ్చింది. "ఇగ ఫినిషింగ్ గుండెకు తగలాలె, చూడు" అని చున్నీ నడుముకు చెక్కి, అమ్మ లెక్క నిలబడి, టేబుల్ మీద గుద్దిన.

"ఈ ఇంట్ల మనుషులు నలుగురు. కవర్లు మూడు. ఇన్నేండ్ల సంది మీకు వండిపెడుతున్న, నా కవరేదీ?"

డాడీ కవర్లు లెక్కపెట్టిండు. మళ్లొకసారి లెక్కపెట్టిండు. నిజం చెప్పాల్నంటే, నేను కూడా ఎన్నడూ లెక్కపెట్టలే.

ఆఖరికి డాడీ కొత్త కవరు తీసి, పైన 'కరుణ' అని అమ్మ పేరు రాసి, నా వెయ్యి అందుల పెట్టిండు.

"కప్పు నీకేనే పోరీ!" అన్నది నానమ్మ.

నిజంగనే కప్పు కొట్టినంత సంబురమైంది. పొద్దుగూకంగ అమ్మ ఒక్కతే బజారుకు పోయి, తనకు నచ్చిన చెప్పులు కొనుక్కొచ్చింది. "ఎంతకమ్మా?" అంటే "నీకెందుకు?" అన్నది! ఎంత స్టైల్!

నిన్న చాయ్ ఇచ్చి పక్కన కూసున్నది.

"బిడ్డా, వెయ్యి యాడ సాలుతయే? వచ్చే నెల పదిహేనొందలు అడుగుత. జర గట్టి పాయింట్లు రాసియ్యి."

"ఆ ఐదొందలు ఎవరి కవర్లకెల్లి తీస్తరమ్మా?"

"నీ కవర్లకెల్లే."

రాస్తున్న. మూడో పాయింట్ కాడున్న. దానికి నా దగ్గరనే జవాబు లేదు!