పలచబడిన చెయ్యి

ఎడో నగరంలోని కాందా పేటలో మొంజిరో నా పక్క పీట మీద కూర్చుని బొమ్మలు అచ్చు వేసేవాడు. చెక్కిన పలకకు నల్లసిరా పూసి, తడి కాగితం పరిచి, వెదురు పొర చుట్టిన బిళ్లతో రుద్దేవాడు. నిద్రపోయే బిడ్డ వీపు నిమిరినట్టుండేది.

ఆయన కూతురు ఒమియో టీ దుకాణంలో పనిచేసేది. మా యజమాని కహెయ్ ఆమె బొమ్మ గీయించి చెక్కిస్తే ఊరంతా ఎగబడి కొన్నది. ఆ వేసవిలోనే తట్టు సోకి ఆ పిల్ల పోయింది. చనిపోయిన పిల్ల బొమ్మ అని ఇంకా ఎక్కువమంది అడిగారు. తండ్రే అచ్చు వేశాడు. తీగల మీద ఆరుతున్న ముఖాలు గాలి వస్తే ఒక్కసారిగా ఆయన వైపు తిరిగేవి.

తర్వాత ఊరు ఇంకో అమ్మాయి మీద మోజుపడింది. కహెయ్ పలకలో ఒమియో ముఖం ఒక్కటే తొలిపించి, కొత్త పిల్ల ముఖం చెక్కిన ముక్క బిగించాడు. బట్టలు, పళ్లెం, దాన్ని పట్టుకున్న చెయ్యి అలాగే ఉన్నాయి.

"చెయ్యి మా అమ్మాయిదండీ," అన్నాడు మొంజిరో.

"చెయ్యి చూసి మనిషిని గుర్తుపట్టేవాడుంటే తీసుకురావయ్యా, వాడికో బొమ్మ ఊరికే ఇస్తా."

"మానెయ్యరాదా అన్నా?" అన్నాను నేను.

"మానేస్తే పలక నీకిస్తారు. ముల్లంగి తురిమినట్టు రుద్దుతావు నువ్వు. ఆ వేళ్లు ఎన్నాళ్లుంటాయిరా?"

అందుకే చేతి దగ్గరికొచ్చేసరికి ఆయన బిళ్లను ఆనీ ఆననట్టు జరిపేవాడు. గీతలు అద్దం మీద ఊపిరిలా పడేవి. కహెయ్ ఒక కాగితాన్ని వెలుగుకు పట్టి చూశాడు. తిట్లు తప్పవనుకుని తల దించుకున్నాం.

"దయ్యం చెయ్యిలా ఉందే," అని నవ్వాడు. "బతికున్న పిల్ల, చచ్చిన చెయ్యి. అందరూ ఇలాగే వెయ్యండి."

జనం దుకాణం ముందు బారులు తీరారు. మొంజిరో లేచిన పీట మీద నేను, నేను లేస్తే మరొకరు కూర్చున్నాం. పొద్దుగూకేదాకా పలక ఆరలేదు.

ఒకరోజు మొంజిరో కాగితం ఎత్తి చూస్తే చెయ్యి లేదు. పళ్లెం గాలిలో నిలబడి ఉంది. మళ్లీ సిరా పూసి, మొదటిసారి బలమంతా పెట్టి రుద్దాడు. చేతి చోట తెల్ల కాగితమే వచ్చింది.

"ఇంకా బాగుంది," అన్నాడు కహెయ్. "ఆపకండి."

మొంజిరో ఇంకో కాగితం పరిచాడు. చెయ్యి ఉండాల్సిన చోటికి రాగానే, అలవాటు తప్పక, మెల్లగా నిమిరాడు.