రాజ్యలక్ష్మిగారి పచ్చనీళ్ళు

విజయవాడ వన్ టౌన్‌లో పటికను నాకంటే చవగ్గా కొన్నవాడు లేడని ఇప్పటికీ పందెం కాస్తాను. కొట్టు కొట్టూ తిరిగి, చివరి కొట్లో వాళ్ళ ఖర్చుతోనే కాఫీ తాగి, బస్తాలు వ్యానెక్కించే కూలి కూడా వాళ్ళ నెత్తినే పెట్టి సాధించిన బేరం అది. అంత గొప్పగా కొన్న పటికను తీసుకెళ్ళి నిండా చేపలున్న చెరువులో కలిపించినవాణ్ణి కూడా, నాకు తెలిసి, నేనొక్కణ్ణే.

నిన్న పటమటలో ఒక పాత ఖాతాదారు ఇంటికి చీరలు చూపించడానికి వెళ్ళాను. పెరట్లో సిమెంటు తొట్టి, అందులో రంగు చేపలు, పచ్చటి నీళ్ళు. ఎండ పడి ఆ నీళ్ళలోంచి ఒక వాసన లేచింది. తడి గడ్డి, బురద, కాస్త నీసు కలిసిన వాసన. నన్నడక్కుండానే నా చెయ్యి చొక్కా మడుచుకుని మోచేతి దాకా తొట్టిలోకి దిగింది. "అయ్యో, మురికి నీళ్ళండీ, రేపు మార్పిస్తాం" అందావిడ. "మార్చకండి" అన్నాను. ఎందుకో చెప్పాలంటే రాజ్యలక్ష్మిగారి గురించి చెప్పాలి.

కొన్నేళ్ళ క్రితం మా చీరల కొట్టు వ్యాపారం బాగా మందగించింది. చేపల్లో లాభాలున్నాయని ఎవరో అంటే, కొట్టు మీద అప్పు తెచ్చి, గుడివాడ అవతల ఒక చెరువు కౌలుకు తీసుకున్నాను. ఆ చేపలు పోతే కొట్టూ పోతుంది. అంత తెలివైన ఏర్పాటు. పక్క చెరువు రాజ్యలక్ష్మిగారిది. అరవై దాటిన మనిషి. భర్త పోయాక చెరువుల పని అంతా తనే చూసుకునేవారు. చేతుల నిండా బంగారు గాజులు, కాళ్ళకు మగవాళ్ళ రబ్బరు చెప్పులు, స్వయంగా నడుపుకొచ్చే కారు. అణకువ ఆవిడ దగ్గర వెతికినా దొరికేది కాదు. "ఈ చుట్టుపక్కల నీళ్ళు చూడ్డం వచ్చింది నాకొక్కదానికేనండీ. మిగతావాళ్ళు చేపల్ని చూస్తారు" అని ఎవరూ అడక్కపోయినా చెప్పేవారు.

నేను తీసుకున్నప్పుడు నా చెరువు నీళ్ళు ముదురు పచ్చగా ఉన్నాయి. బట్టల కొట్లో పెరిగినవాడికి మాసిన సరుకు కనబడితే చెయ్యి ఊరుకోదు. పటిక వేయించాను. పచ్చదనమంతా విరిగి అడుగుకు దిగిపోయింది. మేత కోసం వెదురు గుంజలకు కట్టిన తవుడు సంచులు, వాటి చిల్లుల దగ్గర తచ్చాడే చేపలు, చెరువు అడుగున మట్టి, అన్నీ గాజు బీరువాలో పెట్టినట్టు కనబడుతున్నాయి. మురిసిపోయి రాజ్యలక్ష్మిగారిని పిలిచాను.

ఆవిడ గట్టు మీంచి వంగి నీళ్ళలోకి చూశారు. "ఎవరు చేశారండీ ఈ పని?"

"నేనేనండీ. చాలా తక్కువలో అయిపోయింది."

"అవుద్ది. కూరల గిన్నె పారబొయ్యడానికి ఖర్చేముంది?"

షెడ్డులోంచి రెండు గాజు గ్లాసులు తెప్పించారు. ఒకదాంట్లో తన చెరువు నీళ్ళు, ఇంకోదాంట్లో నావి ముంచారు. "మీరు బట్ట ఎట్టా చూస్తారండీ?"

"వెలుతురుకు పెట్టి."

"పెట్టండి మరి."

ముందు ఆవిడ గ్లాసు ఎత్తాను. మొదట పచ్చటి రంగు తప్ప ఏమీ కనబడలేదు. తర్వాత ఆ రంగు కదిలింది. సూదిమొన కంటే చిన్న చుక్కలు, లెక్కలేనన్ని, కుదుపులు కుదుపులుగా పైకి ఎగురుతున్నాయి, కిందికి జారుతున్నాయి, ఒకదాన్నొకటి తప్పుకుని పోతున్నాయి. పుట్టి బుద్ధెరిగాక ఎన్ని వేల బట్టలు వెలుతురుకు పెట్టి చూశానో. ఏ నేతలోనూ దారం బతికి ఉండగా చూడలేదు. నా చేతిలో ఉన్నది గుక్కెడు నీళ్ళు. గట్టు పక్కన ఎకరాలకెకరాలు అవే నీళ్ళు. ఆ సంగతి తలకెక్కేసరికి గ్లాసును రెండు చేతులతో పట్టుకున్నాను.

"ఇప్పుడు మీది చూడండి" అన్నారు. చూశాను. నీళ్ళు. ఎండ అడ్డం లేకుండా అవతలికి పోయింది.

"మీ గ్లాసులో ఎవరూ లేరు" అన్నారావిడ.

"తవుడు వేస్తూనే ఉన్నాను కదండీ" అన్నాను, ఇంకా బేరం వదలకుండా.

"తవుడు అన్నమండీ. కూరేది? బొచ్చె చేపలు బతికేదే ఈ పచ్చదనం మీద. పైగా నీటికాకులకి దీపం పెట్టి చూపిచ్చారు." చెరువు మధ్య గుంజల మీద నల్లగా వరసకట్టిన పక్షులను అప్పుడే గమనించాను.

ఆ రోజు నుంచి ఆవిడ చెప్పినట్టు నడిచాను. ముందు పటిక పులుపు విరగడానికి సున్నం చల్లించారు. "రెండింతలు చల్లితే సగం రోజుల్లో అవుతుందేమో?" అంటే, "మీ కొట్లో రెండు చీరలు కట్టుకుంటే రెండింతలు అందంగా ఉంటారేంటండీ?" అన్నారు. ఎరువు వేయించారు. అయినా నీళ్ళకు రంగు తిరగలేదు. చేపలు సన్నబడి, తలలు పెద్దవిగా కనబడసాగాయి. ఒక ఉదయం చచ్చిన బొచ్చెలు గట్టుకు కొట్టుకొచ్చాయి. వాటి పక్కనే కూలబడ్డాను.

రాజ్యలక్ష్మిగారు వచ్చి చూశారు. వెంటనే వెళ్ళి తన గట్టు మీద డీజిలు ఇంజను పెట్టించి, గొట్టం నా చెరువులోకి తిప్పించారు. "తోడు లేకుండా పాలు పెరుగవ్వవు కదండీ" అన్నారు. సూర్యుడు అప్పుడే పైకొస్తున్నాడు. ఆ తేట నీళ్ళలోకి ఆవిడ పచ్చనీళ్ళు దిగాయి. అద్దకం తొట్టిలో రంగు విచ్చుకున్నట్టు, మేఘం మేఘంగా, నెమ్మదిగా, గుంజల్ని ఒక్కొక్కటే మింగుతూ. ఆ మేఘంలో ఎన్ని ప్రాణాలున్నాయో నాకు తెలుసు ఇప్పుడు. ఇంజను ఆ వారమంతా ఆడింది. గట్టు దిగబుద్ధి కాలేదు.

తర్వాత ప్రతి ఉదయం నా చెయ్యి మోచేతి దాకా ముంచమనేవారు. "అరచెయ్యి తెల్లగా కనబడితే చేపలకి ఆకలి. మణికట్టు దగ్గరే మాయమైతే గాలాడదు. ఉందా లేదా అన్నట్టు ఉండాలి." ఒక రోజు నా వేళ్ళు ఉన్నాయో లేవో చెప్పలేకపోయాను. "ఆఁ, అదీ!" అని ఆవిడ చప్పట్లు కొట్టారు. గాజులన్నీ మోగాయి.

ఆ వేసవిలోనే ఆవిడ తన చేపలు తొందరగా పట్టించేశారు. ఇంకా పెరగాల్సిన చేపలు. ఎందుకని అడిగితే "రేటు బాగుందండీ" అన్నారు. నాకు లోలోపల అసూయ కూడా కలిగింది. నేను వానలొచ్చి కాలువలు వదిలాక పట్టించాను. కాటా దగ్గర చేపలు కొనే వ్యాపారి మాటల్లో అన్నాడు: "రాజ్యలక్ష్మమ్మగారు అమ్మిన వారం రేటు ఏడాది మొత్తం మీద తక్కువ రేటండీ. ఏం చేస్తారు మరి, ఆవిడ చెరువులో నీళ్ళు సగానికి పడిపోయినై. కాలవలు కట్టేసిన టైములో ఎక్కణ్ణించి తెస్తారు?"

చేపల వాసనతోనే ఆవిడ ఇంటికి పరుగెత్తాను. "ఎందుకు చెప్పలేదండీ?"

"చెబితే బేరమాడతారు" అన్నారు. "మీరు చీరల రేట్లు చూసుకోండి, చేపల రేట్లు నాకొదిలెయ్యండి."

ఆవిడ పోయి రెండేళ్ళయింది. ఇప్పుడు లెక్క చెబుతాను. కౌలు, చేపపిల్లలు, తవుడు, సున్నం, ఎరువు, కూలీలు, అప్పు మీద వడ్డీ పోను కొద్దిగా మిగిలింది, కొట్టు నిలబడింది. ఆవిడకు నేనిచ్చింది ఇంజనుకు పోసిన డీజిలు డబ్బులు. అందులోనూ చిల్లర తగ్గించుకున్నాను. ఆవిడకు వచ్చిన నష్టం నాకు మిగిలినదానికంటే చాలా పెద్దది.