మా అత్త దూకిన మంట

మీ ఇంట్లో భర్త పోయిన ఆడమనిషి ఉంటే, గుండం తొక్కే రోజున ఆమెను ఎక్కడ నిలబెడతారు? తాడు వెనకే కదా? మొన్న ఆత్మకూరు బస్టాండులో ఎవరో తిరునాళ్ల కరపత్రం నా చేతిలో పెట్టారు. నిప్పుల గుండంలోకి ముత్తైదువులకే ప్రవేశమట, మిగతా ఆడవాళ్లు తాడు వెనక నిలబడి దండం పెట్టుకోవాలట. అది చదువుతుంటే, ముప్పై ఏళ్ల నాడు జర్మనీలో ఒక పాత ఊరి కోటగోడ కింద నేను చేసిన పని గుర్తొచ్చింది.

మా మేనత్త ఉదయగిరిలో చెక్కతో చెంచాలు, గరిటెలు చెక్కేది. మామ పోయాక ఆమెకు అదే బతుకు. ఆ పనితనం చూపించమని ఆ జర్మనీ ఊరివాళ్లు పిలిస్తే, ఇంగ్లీషు వచ్చినవాణ్ణని నేను వెంట వెళ్లాను. అప్పటికి కొత్తగా బడిపంతులు ఉద్యోగంలో చేరి, సాయంత్రాలు ఊరూరా సభల్లో మూఢాచారాల మీద దుమ్మెత్తిపోస్తున్నవాణ్ణి. మాకు బస ఇచ్చిన ఇంటావిడ ముసలిది. మొదటిరోజే గోడమీది భర్త ఫొటో చూపించి ఆకాశంకేసి చేయెత్తింది. అత్త తన బోసిమెడ తడిమి చూపించింది. ఒక్కమాట అక్కర్లేకుండానే ఆ ఇద్దరికీ ఒకరి సంగతి ఒకరికి తెలిసిపోయింది.

ఏడాదిలో అన్నిటికంటే పొడవైన పగలు వాళ్లకు పండగ. రాత్రి తొమ్మిదైనా వెలుగు పోలేదు. కోటగోడ కింద పెద్ద మంట వేసి, తలలకు పూలచుట్లు పెట్టుకుని, బూరలు ఊదారు, పాటలు పాడారు. మంట జానెడెత్తుకు తగ్గాక ఇద్దరిద్దరు చేతులు పట్టుకుని దాని మీదుగా దూకసాగారు. చేయి విడిపోకుండా అవతలికి చేరితే ఏడాదంతా మంచి జరుగుతుందని వాళ్ల నమ్మకం. నిప్పుకు అదృష్టమేం తెలుసని నేను లోలోపల నవ్వుకుంటుండగానే, ఇంటావిడ తన పూలచుట్టు తీసి అత్త తలకు పెట్టి, చేయి చాచింది.

పదిహేనేళ్లుగా పువ్వు ఎరగని తల అది. అత్త బిగుసుకుపోయింది. వరుస ముందుకు కదులుతోంది, వెనకవాళ్లు చప్పట్లు కొడుతున్నారు, ఎవరో కెమెరా ఎత్తారు. అత్త ఆ నిప్పుకేసి చూస్తూ మెల్లగా కుచ్చిళ్లు ఎగదోపుకుంది. నా చేయి ఎలా పోయిందో తెలియదు, ఆమె కొంగు పట్టుకుని వెనక్కి లాగాను.

"వద్దత్తా, చీర అంటుకుంటాది."

"నీ భయం చీరకా, ఊళ్లో వాళ్లకా?"

ఆ ఫొటో మన ఊరు చేరితే నలుగురూ ఏమంటారో అన్నదే నా భయం.

"మైకు పట్టుకుంటే అంత అరస్తావే, ఇప్పుడు నా కొంగు పట్టుకున్నావేందిరా? ఇడువు!"

విడిచాను. ఇద్దరూ పరుగెత్తి దూకారు. అవతల తూలిపడబోయి నిలదొక్కుకున్నారు. చేతులు మాత్రం విడవలేదు. అత్త రొప్పుతూ నావైపు తిరిగింది.

"ఇంతేనా! దీనికారా ఇన్నేళ్లు నన్ను తాడెనక నిలబెట్టినారు?"

కొన్ని నెలలకు ఆ ఫొటో పోస్టులో వచ్చింది. ఆత్మకూరు సభల్లో వితంతువుల హక్కుల మీద గొంతు చించుకున్న నేను, దాన్ని పుస్తకంలో దాచాను. అత్త అడిగిన ప్రతిసారీ రాలేదన్నాను. ఆమె దాన్ని చూడకుండానే పోయింది.

ఇప్పుడు ఉదయగిరిలో ఆమెలా చెంచా చెక్కే చేతులు తగ్గిపోయాయి. తిరునాళ్లకు డీజేలు వచ్చాయి, గుండం పైన డ్రోన్లు ఎగురుతున్నాయి. తాడు సంగతంటారా, కొబ్బరిపీచుది పోయి నైలాన్‌ది వచ్చింది, అంతే. గుండం మహిమ గురించి మీతో వాదం ఇంకోరోజు పెట్టుకుంటాను. ఈ ఏడు నేను ఆ ఫొటో పట్టుకుని తాడు దగ్గరికి వెళ్తున్నాను. మీరూ మీ అమ్మనో, అక్కనో, అత్తనో వెంటబెట్టుకుని రండి. వచ్చి, ఆ తాడు ముడి మీ చేత్తో విప్పండి.