మెరక తీయించుకున్న చేను

పేరుకే చిన్నమ్మాయి. అరవై దాటింది, మోకాళ్ళు అరిగాయి, నోరు మాత్రం అరగలేదు. మా గట్టు పక్క చేను ఆవిడది. వరసకి నాకు అక్క. గట్టు మీద గడ్డి ఎవరు కోసుకోవాలన్న దగ్గర మా ఇద్దరికీ ఏళ్ళ తరబడి తగువు. ఇప్పుడా తగువు లేదు. గట్టే నీళ్ళలో ఉంది.

తణుకు వెళ్ళే హైవేకి మా పొలాలు కూతవేటు దూరం. చుట్టూ అన్నీ పల్లపు చేలు. ఆవిడ ఎకరన్నర మాత్రం మోకాలెత్తు మెరక. మెరక అంటే బయటివాళ్ళకి గొప్పగా వినిపిస్తుంది గానీ, డెల్టాలో అదొక శాపం. కాలువ నీళ్ళు అందరి చేలల్లోకీ వాటంతటవే దిగుతాయి. మెరక చేను చూస్తూ కూర్చోవాలి. సార్వా పంట వానలతో ఎలాగో గట్టెక్కేది. రెండో పంట దాళ్వా వచ్చిందంటే ఇంజను పెట్టి తోడాల్సిందే. ఆవిడ భర్త వీరవెంకటసత్యనారాయణ ఆ ఇంజను మోసీ మోసీ, చేను చదును కాకుండానే పోయాడు. "ఎప్పటికైనా మెరక తీయించవే" అన్నది ఆయన ఆఖరి మాటట. ఆఖరిదో కాదో నాకు తెలియదు. ఆవిడ బతుకు మాత్రం ఆ మాట చుట్టూనే తిరిగింది.

కిందటేడాది ఎండాకాలంలో టిప్పర్ల గణేష్‌బాబు వచ్చాడు. మట్టి ఊరికే తవ్వుకుపోతానని, బదులుగా చేను చదును చేసి ఇస్తానని అన్నాడు.

"ఎవరింటికి బాబూ?" అని అడిగింది.

"హైవే పక్క ఒకాయన కట్టుకుంటున్నారండి పిన్నిగారూ. బాగా పల్లం కదండి, ఎత్తు చేసుకోవాలంట."

మా వైపు ఒక మర్యాద ఉంది. ఇల్లు కట్టుకునేవాడు మట్టి అడిగితే కాదనకూడదు. ఇచ్చిన మట్టిని మళ్ళీ తనదనకూడదు. ముంపు సీమలో ఏ ఇల్లయినా ఎవరో ఒకరి చేను మీద నిలబడిందే. చిన్నమ్మాయి ఆ మర్యాద ప్రకారమే మొదటి టిప్పరుకి పసుపు రాసి, కొబ్బరికాయ కొట్టింది. నాకూ ఒక ముక్క పెట్టింది. ఎంత లోతు తవ్వుతారని అడగలేదు. అడిగితే బేరమాడినట్టు ఉంటుందట. మన మర్యాదలు మన కొంప ముంచడానికే పుట్టాయి.

గణేష్‌బాబు చదును చేస్తానన్నవాడు చుట్టుపక్కల చేలకంటే జానెడు కిందికి తవ్వి చక్కా పోయాడు. ఆవిడ ఏమీ అనుకోలేదు. ఆ దాళ్వాకి ఇంజను చప్పుడు లేకుండా కాలువ నీళ్ళు చేలోకి దిగుతుంటే గట్టు మీద కూర్చుని ఏడ్చింది. ఆవిడ సంతోషంతో ఏడవడం నేను చూసింది ఆ ఒక్కసారే.

హైవే పక్క లేచింది ఇల్లు కాదు. వరిచేలు పూడ్చి లేపిన మెరక మీద బోర్డు పెట్టారు: నాలుగంతస్తుల షాపింగ్ మాల్, సినిమా హాళ్ళు, ఊరంత పార్కింగు. ఆ చేల మధ్యనుంచే మా పాతకోడు పోతుంది. పాతకోడంటే మా ఆయకట్టు మురుగంతా పట్టుకుపోయే కాలువ. దాన్ని పూడ్చి, పైన చదును చేసి, నీళ్ళు పోవడానికని రెండు సిమెంటు తూరలు వేశారు. ఆ తూరల్లో మా పిల్లి దూరితే గొప్ప.

అప్పుడు లేచింది ఊరు. హైవే పక్క టెంటు వేశాం. ఐజాక్ మైకు పట్టుకున్నాడు. అతను చిన్నమ్మాయి చేనుకి ఎగువన కౌలుకి చేస్తాడు. కోడు మూస్తే చేలు మునుగుతాయని, మాల్ మురుగు మన చేలకి నీళ్ళు తెచ్చే బోదెల్లోకి వస్తుందని, వాళ్ళు అంతంత బోర్లు వేస్తే మన బోర్లలో ఉప్పునీళ్ళు పడతాయని వీధి వీధికీ చెప్పుకొచ్చాడు. టెంటులో ముందు వరసలో కూర్చునేది మాత్రం చిన్నమ్మాయే. మట్టి లారీలకి అడ్డంగా పడుకున్నదీ ఆవిడే. ఆ లారీల్లో తన చేను కూడా వెళ్ళిందని ఆవిడకి తట్టలేదు. ఒకాయన ఇల్లని కదా చెప్పారు.

కల్యాణ మండపంలో ప్రజాభిప్రాయ సభ పెట్టారు. చిన్నమ్మాయి లేచి, "అయ్యా, మీ మేడకి మేం అడ్డం కాదండి. మా నీళ్ళకి మీ మేడ అడ్డం. కోడు వదిలెయ్యండి, చాలు" అంది. అందరం చప్పట్లు కొట్టాం.

కంపెనీ ఇంజనీరు చాలా మర్యాదగా నవ్వాడు. "అమ్మా, మొదటి లోడు మీ చేలోదేనండి. కొబ్బరికాయ కూడా కొట్టారట కదా. గణేష్‌బాబు గారు చెప్పారు."

సభంతా నవ్వింది. మావాళ్ళూ నవ్వారు. ఆవిడ మెల్లగా కూర్చుంది.

మర్నాడు టెంటులో ఆవిడకి ఎవరూ కుర్చీ చూపించలేదు. "అడుసు తొక్కనేల, కాలు కడగనేల" అన్నాడొకడు, వినపడేలా. నాకు ఒళ్ళు మండింది. "మొదటి లోడు ఆవిడది. తరవాతి వందల లోడ్లు ఎవరి చేలోవి? చెప్పండి" అన్నాను. సాయంత్రానికి టెంటు సగం ఖాళీ అయింది. ఆ వారంలోనే తీసేశారు.

తుపాను వచ్చేసరికి చేను పొట్ట మీద ఉంది, వెన్ను ఇంకా బయటికి రాలేదు. తూరలు మొదటి రోజే పూడుకుపోయాయి. నీళ్ళు పల్లం చూసుకుంటాయి కదా, ఇప్పుడు ఆయకట్టులో అన్నిటికన్నా పల్లం చిన్నమ్మాయి చేనే. ఎగువ చేల నీళ్ళన్నీ అందులోకే దిగాయి. ఐజాక్ కూడా తన చేలో నీళ్ళు దించడానికి గట్టు కొట్టాడు. కొట్టేముందు ఆవిడ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. "కొట్టుకో నాయనా. నీదైనా మిగలనీ" అందావిడ.

ఆఫీసులకి తిరిగింది. కంపెనీ గేటు దగ్గర కూర్చుంది. సారు లేరన్నారు, రేపు రమ్మన్నారు. రేపటికి చేను కుళ్ళు వాసన వేసింది. ఆ వాసన తెలిసినవాడికి అన్నం సహించదు. ఆవిడ ఆ పూట ఏమీ తినలేదు. పారా తట్టా పట్టుకుని, పట్టపగలు, అందరూ చూస్తుండగా హైవే దాటింది. పార్కింగు అంచున మట్టి తవ్వి తట్టకెత్తుకుంది. తెచ్చి నడుములోతు నీళ్ళలో నిలబడి తన చేలో పోసింది. నీళ్ళు మూసుకున్నాయి. మళ్ళీ వెళ్ళింది. నేను తట్ట లాక్కోబోతే, "ఉండు తమ్ముడూ, కొంచెం మెరక చేసుకోనీ" అంది. నాకు ఏడుపు ఆగలేదు.

మూడో తట్టకి సెక్యూరిటీవాళ్ళు పట్టుకున్నారు. మట్టి దొంగతనమని కేసు పెడతామన్నారు.

స్టేషన్లో ఎస్సై మంచివాడే. కుర్చీ వేయించాడు. "ఆ మట్టి మీ చేలోదేనంట కదమ్మా. నాదేనని ఒక్క మాట చెప్పండి. నేను వాళ్ళతో మాట్లాడి మిమ్మల్ని పంపించేస్తాను."

"చెప్పక్కా" అన్నాను నేను. ఐజాక్ చేతులు జోడించాడు.

"నాది కాదండి" అందావిడ. "కొబ్బరికాయ కొట్టి మరీ ఇచ్చాను. ఇచ్చింది మళ్ళీ నాదంటే ఎలాగండి?"

"మరి ఎందుకు తీశారమ్మా?"

ఆవిడ బురద కాళ్ళు కుర్చీ కిందికి లాక్కుంది.

"తప్పేనండి. మట్టి వాళ్ళదే. కానీ ఆ నీళ్ళు నేను అడగలేదండి. వాళ్ళ నీళ్ళు వాళ్ళని తీసుకుపొమ్మనండి. తట్ట అదిగోండి, మీ బల్ల కిందే ఉంది."

ఎస్సై ఏమీ రాయలేదు. బయట మళ్ళీ వాన మొదలైంది. మేమందరం కిటికీ వైపు చూశాం. ఆవిడ చూడలేదు.