దించని చెయ్యి

హాలెట్ గారికి కోపం ముక్కు మీదే ఉంటుందని పోర్ట్స్‌మత్ రేవంతటికీ తెలుసు. పదమూడేళ్లకే నౌకాదళ పాఠశాలలో చేరి, యుద్ధంలో మంచు సముద్రాలన్నీ తిరిగి, అడ్మిరల్‌గా పదవి దిగిన మనిషి. అయితే అడ్మిరల్ రోజుల గొప్పలు ఆయన నోట ఎన్నడూ వినలేదు. ఎప్పుడూ మార్ల్‌బీ ఊసే. ఆయన కెప్టెన్‌గా నడిపిన యుద్ధనౌక అది. దాని మీద ఈల ఊది పనులు నడిపించే బోసన్‌ని నేను. ఎంత మంచి రోజులవి! తడిసిన బట్టల్లో, మాడిన కోకో తాగుతూ కూడా పగలబడి నవ్వుకునేవాళ్లం.

ఆ మార్ల్‌బీని తుక్కు కింద అమ్మేశారు. దాన్ని రేవు దాటించి లాక్కుపోయే రోజున హాలెట్ గారు ఇల్లు కదలనని భీష్మించారు. కాళ్లు పడిపోయి అప్పటికే చక్రాల కుర్చీలో ఉన్నారు.

"నా ఓడకి కూర్చుని సెల్యూట్ కొట్టమంటావుటోయ్ పాస్కో?"

"విందుల్లో రాణిగారి పేరు చెప్పి మన దళంవాళ్లు గ్లాసెత్తేది కూర్చునే కదండీ. ఆవిడకి లేని పట్టింపు ఆ ఇనప ముద్దకెందుకు?"

"నోర్ముయ్! ఇనప ముద్దట! నా టోపీ ఏదీ?"

టోపీ లేకుండా మా దళంలో సెల్యూట్ లేదు. నాకు నవ్వాగలేదు.

సముద్రపు గోడ పక్కన కుర్చీ ఆపాను. మార్ల్‌బీ వచ్చింది. ఒళ్లంతా తుప్పు, ఫిరంగులు లేవు, జెండా లేదు. నేను ఈల ఊదాను. హాలెట్ గారి చెయ్యి టోపీ అంచు తాకింది.

మాలో రెండు ఓడలు ఎదురైతే హోదాలో చిన్నవాళ్లు ముందు వందనం చేస్తారు. పెద్ద ఓడ నుంచి బదులు ఈల వచ్చేదాకా చెయ్యి దించకూడదు. అందరి వందనాలూ అందుకున్న అడ్మిరల్ ఆ పూట ఓడనే పెద్ద చేసి తాను చిన్నవాడయ్యాడు. కానీ డెక్ మీద నరమానవుడు లేడు. బదులెవరిస్తారు?

ఓడ రేవు బయట నీళ్లలో కట్టిన పాత కోటను కూడా దాటింది. ఆయన చెయ్యి ఇంకా టోపీ అంచునే ఉంది.

"ఇక చాలండీ సార్."

"ఈల రాలేదోయ్."

గోడ చివరికి నడిచి, ఓడవైపు వీపు పెట్టి, ఆయనకెదురుగా నిలబడ్డాను. మార్ల్‌బీ బోసన్‌ని నేనే కదా. బదులు ఈల ఊదాను.

హాలెట్ గారు చెయ్యి దించారు. కళ్లు మాత్రం తుడుచుకోలేదు.

"ఆలస్యం చేశావోయ్," అన్నారు. "ఓడ మీదా నీకిదే రోగం."