చిన్నాన్న తొక్కని సైకిలు

పోయిన వారం మా అపార్ట్‌మెంట్ సంఘంవాళ్ళు వాట్సాప్‌లో ఒక హెచ్చరిక పెట్టారు. బేస్‌మెంట్‌లో దుమ్ము కొట్టుకుపోతున్న సైకిళ్ళని ఎవరివి వాళ్ళు తీసుకుపోకపోతే పాత ఇనుముకి వేసేస్తారట. మారతహళ్ళిలో మనుషులనే ఎవరూ గుర్తుపట్టరు, ఇక సైకిళ్ళని ఎవరు గుర్తుపడతారు? అయినా ఊసుపోక లిఫ్టు దిగి చూడ్డానికి వెళ్ళాను. గేర్ల సైకిళ్ళ మధ్య పాతకాలం నల్ల సైకిలొకటి గోడకి ఆనుకుని ఉంది. దాని తోలు సీటు మీద చెయ్యి వేశానో లేదో, మా చిన్నాన్న మీద జాలీ, మా నాన్న మీద కోపమూ ఒక్కసారే పైకొచ్చాయి. ఈ వయసులో నా బీపీకి అది మంచిది కాదని తెలిసీ కాసేపు అక్కడే నిలబడ్డాను.

మాది పాత బెంగళూరు పేటలో మగ్గాల వీధి. నేసే మగ్గం మూతపడ్డాక చిన్నాన్న మా ఇంట్లోనే ఉండిపోయాడు. పెళ్ళి కాలేదు. నాన్న బొమ్మసంద్రలో ఒక ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. నలుగురినీ నవ్వించే మనిషి. చుట్టాలైతే ఆయన నోరు తెరవకముందే నవ్వడం మొదలుపెట్టేవాళ్ళు. ఆ నవ్వులకి సరుకంతా చిన్నాన్నే. చిన్నాన్న పళ్ళెం ముందు కూచోగానే, "ఏమప్పా, ఈ పొద్దు ఏ ఆఫీసుకు సెలవు పెట్టినావు?" అనేవాడు నాన్న. ఇంటిల్లిపాదీ నవ్వేది. చిన్నాన్న కూడా నవ్వేసి, మారు అన్నం అడక్కుండా లేచిపోయేవాడు.

అలాంటి రోజుల్లో చిక్కపేటలో ఒక పట్టుచీరల అంగడి యజమాని, ఇళ్ళకి తిరిగి చీరలు పాలిష్‌కి తెచ్చి, మళ్ళీ అప్పగించి వచ్చే మనిషి కావాలన్నాడు. సొంత సైకిలు ఉండాలి. ఉంటే అంగడి వెనక గది కూడా ఇస్తానన్నాడు. అంటే చిన్నాన్నకి తన గది, తన పొయ్యి, తన పళ్ళెం. కొత్త సైకిలు కొనే స్తోమత ఎక్కడిది? పక్క వీధిలో పాత ఇల్లొకటి పడగొడుతుంటే, ఆ మట్టిగుట్టలోంచి తుప్పు పట్టిన సైకిలు ఫ్రేము ఒకటి లాక్కొచ్చుకున్నాడు. దాన్ని చూసి నాన్న, "తుప్పుకు తుప్పు తోడు దొరికిండాది" అన్నాడు. ఆ మాట వీధంతా తిరిగింది.

చిన్నాన్న బీడీలు మానేశాడు. అలా మిగిలిన డబ్బుతో గుజరీ అంగళ్ళ వెంట, అంటే పాత ఇనుప సామాన్ల కొట్ల వెంట, తిరిగి ఒకచోట పెడళ్ళు, ఇంకోచోట చైను, మరోచోట వంకరపోయిన రిమ్ములు ఏరుకొచ్చాడు. పెరట్లో కూచుని కిరసనాయిల్లో నానబెట్టి, ఉప్పుకాగితంతో రుద్ది, రిమ్ముల బెండు తీసేవాడు. పెరడంతా కిరసనాయిలు వాసనని అమ్మ సణిగేది. తుప్పు కింద నుంచి నల్లరంగు, దాని మీద ఎవరో చేత్తో గీసిన బంగారు గీతలు బయటపడిన రోజు, ఆయన నన్ను పిలిచి చూపించాడు. అంత సంతోషంగా ఆయన ముఖాన్ని నేను అంతకుముందు చూడలేదు.

దసరాకి కొన్నాళ్ళ ముందే సైకిలు తయారైంది. పెళ్ళిళ్ళ రద్దీ ఉంది, వెంటనే రమ్మని అంగడి నుంచి కబురు కూడా వచ్చింది. వెళ్ళొచ్చు కదా! వెళ్ళలేదు. "ఆయుధపూజ కాకుండా తొక్కకూడదు పాపా. ఇంటి పెద్ద చేత్తో కుంకుమ పడనీ, ఆమీద నాకేం అడ్డముండాది?" అన్నాడు. పండగ అయిన మర్నాడు వస్తానని చెప్పి పంపాడు. ఆ ఇంటి పెద్ద మా నాన్నే.

దసరాకి ముందురోజు, ఆయుధపూజనాడు, నాన్న స్కూటరు, అమ్మ మిక్సీ, కత్తెర, స్పానర్లు, వాటి పక్కన చిన్నాన్న సైకిలు, అన్నీ వరసగా బంతిపూలు పెట్టుకుని నిలబడ్డాయి. గుమ్మడికాయ కొట్టారు. ఆ మధ్యాహ్నం నాన్న ఫ్యాక్టరీ మేనేజరు మా ఇంటికి భోజనానికి వచ్చాడు. ఆయనకి బ్రూక్‌ఫీల్డ్‌లో కొత్త ఇల్లు, పాత వస్తువుల పిచ్చి. సైకిలు చుట్టూ తిరిగి తిరిగి, ఇలాంటిది హాల్లో గోడకి తగిలిస్తే ఎంత బాగుంటుందో అన్నాడు. నాన్న సూపర్‌వైజరు పదవికి కాచుకుని ఉన్న రోజులవి. లోపలికెళ్ళి ఆకూ వక్కా కొబ్బరికాయ తెచ్చి సైకిలు క్యారియరు మీద పెట్టాడు.

"రాప్పా. పూజ దినం తాంబూలం పెట్టినాక వెనక్కి తీసుకోకూడదు. నీ చేత్తోనే సార్‌కి ఇచ్చేయి."

"అన్నా, ఎల్లుండి నుంచి నాకు అంగట్లో పని ఉండాది..."

"చూసినారా సార్, మావాడికి పనంట!"

అందరూ నవ్వారు. మర్యాదకి మేనేజరూ నవ్వాడు. అంతటితో పోయినా బాగుండేది. సైకిలు కారులో పట్టలేదు. "ఆ నట్లు బిగించింది నువ్వే కదా, నువ్వే విప్పు" అన్నాడు నాన్న. చిన్నాన్న స్పానరు తెచ్చుకుని, వంగి, రెండు చక్రాలూ విప్పి డిక్కీలో సర్దాడు. సీటుకి గీతలు పడకుండా తన తువ్వాలు చుట్టాడు. మా నాన్నని నేను క్షమించలేనిది అక్కడే. కుంకుమబొట్టుతో సహా వెళ్ళిపోయింది సైకిలు.

పండగ మర్నాడు చిన్నాన్న నడిచే చిక్కపేటకి వెళ్ళాడు. సైకిలున్న ఇంకెవరికో పని ఇచ్చేశారు. తిరిగొచ్చి మా ఇంట్లోనే పళ్ళెం ముందు కూచున్నాడు. కొన్నాళ్ళకి నాన్న సూపర్‌వైజరయ్యాడు. వీధికంతా మైసూరుపాకు పంచిపెట్టింది కూడా చిన్నాన్నే.

చాలా ఏళ్ళ తర్వాత నాన్న మంచం పట్టాడు. బుద్ధి మాత్రం ఆఖరిదాకా చురుగ్గానే ఉండేది. చిన్నాన్నే ఆయనకి నీళ్ళు పోసేవాడు, గడ్డం గీసేవాడు. ఒకరోజు సబ్బు నురగ పూస్తుండగా నేను ఉండబట్టలేక, "నాన్నా, ఆ సైకిలు గుర్తుందా?" అని అడిగేశాను.

"ఏ సైకిలు?" అన్నాడు నాన్న. నటన కాదు, నిజంగానే గుర్తులేదు.

"నల్లది అన్నా. బంగారు గీతలుండేవి," అన్నాడు చిన్నాన్న, కత్తిని వేలి మీద తుడుస్తూ.

"అట్లనా. ఎవురిదప్పా అది?"

చిన్నాన్న ఆయన గడ్డం పట్టుకుని నెమ్మదిగా పైకెత్తాడు. "మనదే అన్నా. కదలద్దు," అన్నాడు.

కాలం మా నాన్నకి మరుపునిచ్చి హాయిగా పంపేసింది, చిన్నాన్నకి మాత్రం అన్నీ గుర్తుంచి ఇంకా బతకమంది; అది అందరినీ ఒకేలా చూస్తుందని ఎవరైనా అంటే నేను నమ్మను.